అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు అటునుంచి అటే మెక్సికో టూర్ ఎలా వేసుకోవాలి?

డాలస్‌లో అమ్మాయి దగ్గర ఉండి, మధ్యలో 18 రోజులు మెక్సికో చుట్టి వచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంటికి ఫోన్లు ఆగలేదు. బెజవాడ సత్యనారాయణపురంలో పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా అవే ప్రశ్నలు. వీసా ఎక్కడ తీసుకున్నారండీ? అంత దూరం నడవగలమా? శాకాహారం దొరుకుతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎవరి కోసమంటే, యాభై అయిదు దాటి, అమెరికా విజిటర్ వీసా ఉండి, పిల్లల ఇంట్లో వారం రోజుల్లోనే గోడలు చూస్తూ కూర్చునే మనలాంటి వాళ్ల కోసం. గైడు, బస్సు, హోటల్ అన్నీ వాళ్లే చూసుకునే గ్రూప్ టూర్ గురించే చెబుతాను. సొంతంగా బస్సులెక్కి తిరిగే కుర్రాళ్లకు ఇందులో సగం అక్కర్లేదు.

మెక్సికోనే ఎందుకంటే, డాలస్ నుంచి మెక్సికో సిటీకి విమానంలో మూడు గంటల లోపే. ఒకే రూట్లో స్పానిష్ వాళ్లు కట్టిన పాత ఊళ్లు, వాళ్లకంటే ముందటి పిరమిడ్లు, లోయలు, జలపాతాలు అన్నీ తగులుతాయి. పైగా మన గుంటూరు మిర్చికి పుట్టిల్లు అదే. ఆ మొక్కను మొదట సాగులోకి తెచ్చింది అక్కడే. పోర్చుగీసు ఓడలెక్కి మన దగ్గరికి వచ్చింది.

ఏమేం కావాలి

- కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్ట్. వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే రెండూ.
- గడువున్న అమెరికా వీసా, మళ్లీ మళ్లీ వెళ్లి రావడానికి వీలైనది.
- మెక్సికో పేరు స్పష్టంగా రాసి ఉన్న ప్రయాణ బీమా.
- హోటల్ బుకింగులు, తిరుగు టికెట్ కాగితం మీద ప్రింటు. ఫోన్‌లో ఉంది కదా అనుకోకండి.
- వాడే మందులు మొత్తం రోజులకు, వారం రోజులు అదనంగా, డాక్టర్ చీటీతో.
- అలవాటైన బూట్లు. కొత్తవి కొనుక్కుని ఎక్కారో, మూడో రోజుకి బొబ్బలే.
- రోజుకు ఆరేడు కిలోమీటర్లు నడిచే ఓపిక. దీన్ని ఇక్కడే పరీక్షించుకోవచ్చు, 6వ మెట్టులో చెబుతాను.

1. ముందు కాగితాలు తేల్చుకోండి

గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ వీసాలు ఉన్నా అంతే. ఇవేవీ లేకపోతే ఢిల్లీలోని మెక్సికో ఎంబసీలో వీసా తీసుకోవాలి. అప్పుడు అమెరికా మీదుగా టికెట్ తీసుకోకండి, విమానం మారడానికే అయినా అమెరికా వీసా అడుగుతారు. యూరప్ మీదుగా వెళ్లేటప్పుడు ట్రాన్సిట్ వీసా సంగతి ఎయిర్‌లైన్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. రూల్స్ మారుతుంటాయి, టికెట్ కొనే రోజున మెక్సికో కాన్సులేట్ వెబ్‌సైట్ ఒకసారి చూడండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. మెక్సికో వెళ్లి వస్తే అమెరికాలో ఆరు నెలలు మళ్లీ మొదట్నుంచి మొదలవుతాయని ఎవరో చెప్తారు. నమ్మి తిరుగు టికెట్ వెనక్కి జరుపుకోకండి. ఎన్నాళ్లు ఉండనివ్వాలో మళ్లీ లోపలికి పంపే అధికారి ఇష్టం. ఐ-94లో, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే అమెరికా రికార్డులో, పడిన తేదీయే లెక్క.

రెండో చిక్కు మన పేర్లతో. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే. అలాంటి వాళ్ల అమెరికా వీసా మీద పేరుకు బదులు "మొదటి పేరు తెలియదు" అనే అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మెక్సికోలో మనిషికి రెండేసి ఇంటిపేర్లు, కాబట్టి మన పేరు చూసి అక్కడి గుమాస్తా గడులు తారుమారు చేస్తాడు. లోపలి విమానాల టికెట్లు టూర్ కంపెనీ వాళ్లే తీస్తారు, అందుకని పాస్‌పోర్ట్ మొదటి పేజీ స్కాన్ పంపి "ఇందులో ఉన్నది ఉన్నట్టు" అని రాయండి. టికెట్ రాగానే ఒక్కో అక్షరం వేలు పెట్టి చూడండి.

2. నెల ఎంచుకోండి

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలం. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానలు, తూర్పు తీరంలోని కాంకున్ వైపు తుఫాన్ల భయం. మనవాళ్లు సాధారణంగా బెజవాడ ఎండ తప్పించుకుందామని ఏప్రిల్, మేలో అమెరికా వెళ్తారు, అక్కడికి వెళ్లాక ఆగస్టులో టూర్ వెతుకుతారు. వెళ్లకూడదని కాదు. వాన ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే పడుతుంది, పొద్దున్న చూసేవి చూసేయొచ్చు. మాయా జనాల పాత గుళ్లున్న పలెంకే అడవిలో చెమట, దోమలు మాత్రం రెట్టింపు.

నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దల పండగ. ఫొటోలు, బంతిపూలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి వడ్డిస్తారు. మన పెద్దల పండగ గుర్తొస్తుంది. వహాకా అనే ఊళ్లో అది చూడాలంటే గదులు నెలల ముందే అయిపోతాయి, ధరలు మండుతాయి.

3. బ్రోచర్ చూడకముందే రూట్ మీరే గీసుకోండి

బ్రోచర్ చూశాక ఆలోచిస్తే అన్నీ కావాలనిపిస్తుంది. మాకు సరిపోయిన వరస ఇది.

- 1 నుంచి 4 రోజులు: మెక్సికో సిటీ. మొదటి రోజు విశ్రాంతే. పాత ఊరు, ఆంత్రపాలజీ మ్యూజియం, తియోతివాకాన్ పిరమిడ్లు.
- 5, 6: పుయెబ్లా. 1531లో స్పానిష్ వాళ్లు వేసిన ఊరు, గోడలకు రంగురంగుల పెంకులు. పక్కనే చోలులా: ఘనపరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద పిరమిడ్, చూడ్డానికి గుట్టలా ఉంటుంది, మీద చర్చి.
- 7 నుంచి 9: వహాకా. కొండ మీద మోంతె ఆల్బాన్ శిథిలాలు, మిత్లా రాతి పని, తూలె చెట్టు.
- 10 నుంచి 12: చియాపాస్ రాష్ట్రంలోని సాన్ క్రిస్తోబల్, సుమిదేరో లోయ.
- 13, 14: పలెంకే, దగ్గర్లోని జలపాతాలు.
- 15: కంపేచే. సముద్రపు దొంగల భయానికి చుట్టూ గోడ కట్టుకున్న ఊరు.
- 16, 17: మెరీదా, మాయా శిథిలాలున్న ఉష్‌మాల్.
- 18: పొద్దున్నే చిచెన్ ఇత్సా పిరమిడ్, రాత్రికి కాంకున్. మర్నాడు విమానం.

వహాకా అన్నది రాసేది ఒకలా, పలికేది ఒకలా. స్పెల్లింగ్ చూసి "ఓక్సాకా" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు.

రోజులు తగ్గించుకోవాలంటే రెండు మార్గాలు. మెక్సికో సిటీ, పుయెబ్లా, వహాకా మాత్రం 9 రోజుల్లో. లేదా మెరీదా, ఉష్‌మాల్, చిచెన్ ఇత్సా 6 రోజుల్లో. మోకాళ్లు బాగోలేని వాళ్లకు రెండోది నయం, నేలంతా బల్లపరుపు. అన్ని ఊళ్లూ కుదించి 11 రోజుల్లో చూపిస్తామనే టూర్ మాత్రం వద్దు. అది చూడటం కాదు, సూట్‌కేసు మోయడం.

4. టూర్ కాగితాన్ని బస్సు గంటలతో చదవండి

ఏ ఊళ్లు చూపిస్తారన్నది ఎవరి బ్రోచర్‌లోనైనా ఒకటే. తేడా అంతా బస్సులో ఎన్ని గంటలు కూర్చోబెడతారన్న దాంట్లో ఉంటుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని రోజుకో గీత గీయండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు, మ్యాప్ పెట్టుకుని రాయండి. ఆగే టైముకి గంటన్నర కలపండి.

సుమారు లెక్క: మెక్సికో సిటీ నుంచి పుయెబ్లా రెండు గంటలు. పుయెబ్లా నుంచి వహాకా నాలుగున్నర, అంటే మన విజయవాడ-హైదరాబాద్ అంత. సాన్ క్రిస్తోబల్ నుంచి పలెంకే దాదాపు 210 కిలోమీటర్లే, కానీ ఘాట్ రోడ్డు, స్పీడు బ్రేకర్లు కలిసి అయిదు గంటలు దాటుతుంది. పలెంకే నుంచి కంపేచే అయిదు. మెరీదా నుంచి చిచెన్ ఇత్సా గంటన్నర, అక్కణ్నుంచి కాంకున్ రెండున్నర.

వహాకా నుంచి చియాపాస్ రాష్ట్రానికి రోడ్డు మీద రోజంతా పడుతుంది. ఆ ఒక్క ముక్క విమానంలో పెట్టిన టూరే తీసుకోండి, మెక్సికో సిటీలో మారాల్సి వచ్చినా సరే. పలెంకే నుంచి కాంకున్ వైపు 2023 డిసెంబర్ నుంచి దశలవారీగా మాయా రైలు మొదలైంది. కొన్ని టూర్లు ఒక ముక్కకు దాన్ని వాడుతున్నాయి, బాగానే ఉంటుంది.

లెక్క సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. ఆరు గంటలు దాటిన బస్సు రోజులు రెండుకి మించకూడదు. అవి పక్కపక్కన రాకూడదు. ఒకే రాత్రి పడుకుని లేచిపోయే హోటళ్లు నాలుగుకి మించకూడదు.

ఇంకో చూపు వారాల మీద వేయండి. మ్యూజియంలు సోమవారం సెలవు. ఆంత్రపాలజీ మ్యూజియం మీ టూర్‌లో సోమవారం పడిందంటే అది బయటి నుంచి చూపించడమే. ఆదివారం స్థానికులకు శిథిలాల దగ్గర ఉచితం కాబట్టి జనం తోసుకుంటారు. మాకు వచ్చిన మూడు ప్రోగ్రాముల్లో ఒకదాంట్లో ఈ తప్పు మా ఆవిడ పట్టుకుంది, నేను కాదు.

తర్వాత వీటికి జవాబులు రాతలో తీసుకోండి:

- "చూస్తాం" అన్న చోట లోపలికి వెళ్తామా, బస్సులోంచి చూస్తామా? ప్రవేశ రుసుము కలిసిందా?
- గ్రూపులో ఎంతమంది? పదహారు లోపైతే మంచిది. నలభై మందైతే, బాత్‌రూమ్ లైన్‌లోనే సగం రోజు.
- పొద్దున్న టిఫిన్ కాక ఎన్ని పూటలు భోజనం?
- చియాపాస్‌లో ఏ రోడ్డున తీసుకెళ్తారు? సాన్ క్రిస్తోబల్-పలెంకే కొండ రోడ్డు మీద ఊరివాళ్లు దారి ఆపడం మామూలు. చాలా టూర్లు విల్యాఎర్మోసా మీదుగా చుట్టు తిరిగి వెళ్తాయి. దూరం పెరిగినా అదే మంచిది. చీకటి పడ్డాక ప్రయాణం వద్దు. అక్కడ గొడవలు పెరిగితే ఆ రోజులకు బదులు ఎక్కడికి తీసుకెళ్తారో కూడా అడగండి.
- లిఫ్ట్ లేని హోటళ్లు ఏవి? పాత భవనాలను హోటళ్లుగా మార్చినవి అందంగా ఉంటాయి, మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి.

జవాబివ్వడానికి విసుక్కునే వాళ్లకు డబ్బు కట్టకండి.

5. డబ్బు, బీమా

ఇక్కడి ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే జీఎస్టీతో పాటు టీసీఎస్ అని ఇంకొంత పట్టుకుంటారు. రేటు బడ్జెట్‌కో తీరు, కట్టేనాటికి ఎంతుందో అడగండి. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు, వాపసూ అడగొచ్చు. కట్టాక మీ పేర జమైన పన్నులు చూపే 26ఏఎస్‌లో పడిందో లేదో చూడండి. పడకపోతే ఏజెంటు మీ పాన్ తప్పు రాసినట్టే. అమెరికాలో ఉన్న పిల్లలే అక్కడి కంపెనీకి కడితే ఈ గొడవ లేదు.

బీమా విషయంలో మనం ఇక్కడ కొనే అమెరికా విజిటర్ పాలసీ మెక్సికోలో పనిచేస్తుందని అనుకోవడమే పెద్ద పొరపాటు. దేశాల జాబితాలో పేరు చూడండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి.

6. కాళ్లనూ ఊపిరినీ సిద్ధం చేసుకోండి

బెజవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా ఉండదు. మెక్సికో సిటీ 2,240 మీటర్లు. తిరుమల కొండే వెయ్యి మీటర్ల లోపు, చూసుకోండి. దిగిన రోజు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం సహజం. ఆ రోజు స్నానం, నీళ్లు, తేలిక భోజనం, పడక, అంతే. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌తో ఎత్తు ఎంతో అంకె చెప్పి అడగండి, "విదేశం వెళ్తున్నాం" అంటే ఆయనకేం తెలుస్తుంది. తర్వాత వహాకా 1,550 మీటర్లకు దిగుతుంది, సాన్ క్రిస్తోబల్ మళ్లీ 2,200. అక్కడ రాత్రిళ్లు స్వెట్టర్ తప్పదు.

పరీక్ష ఇక్కడే పెట్టుకోండి. మంగళగిరి పానకాలస్వామి మెట్లు గానీ ఇంద్రకీలాద్రి మెట్లు గానీ ఎక్కి దిగండి. దిగేటప్పుడు మోకాలు ఎలా ఉందో గమనించండి. ఎక్కడం అందరూ ఎక్కుతారు. మర్నాడు పొద్దున్న మామూలుగా లేచి నడవగలిగితే మీరు పాసైనట్టు. లేకపోతే రెండు నెలలు సాధన చేయండి, లేదా పైన చెప్పిన 6 రోజుల రూట్ పట్టండి.

7. సామాను

ఒక చక్రాల పెట్టె, ఒక భుజం సంచి, అంతే. పాత ఊళ్లలో వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి, పెట్టె లాగలేరు.

ఇక మనవాళ్ల ప్రాణం, కరెంటు కుక్కర్. మన ఊరి నుంచి తెచ్చిన కుక్కర్ అక్కడ పనిచేయదు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 127. వేడి మూడో వంతుకు పడిపోతుంది. బియ్యం నానుతాయి గానీ ఉడకవు. అమెరికాలో కొన్న చిన్న కుక్కర్ అయితే సరిపోతుంది, ప్లగ్గూ అదే చదును పిన్నుది. హోటల్ వాళ్లను అడిగి వాడండి.

పచ్చళ్లు, పొడులు? మెక్సికోలో దిగేటప్పుడు తిండి సామాను గురించి అడుగుతారు. గింజలు, పళ్లు, ఇంట్లో మూటకట్టినవి తీసేసుకుంటారు. లేబుల్ ఉన్న సీలు ప్యాకెట్లే తీసుకెళ్లి, ఉన్నాయని ఒప్పుకోండి. దాచి దొరికిపోవడం కంటే ఒక పొడి ప్యాకెట్ పోవడం మేలు.

టాయిలెట్‌లో నీళ్ల గొట్టం ఉండదు. మడిచే ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టుకోండి. కాగితాన్ని కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. రోడ్డు పక్క టాయిలెట్లకు చిల్లర నాణేలు కావాలి.

8. దిగిన చోట

ఇమిగ్రేషన్‌లో హోటల్ కాగితం, తిరుగు టికెట్ అడగొచ్చు. పాస్‌పోర్ట్ మీద ముద్ర వేసి ఎన్ని రోజులో చేత్తో రాస్తారు. కౌంటర్ వదలకముందే ఆ అంకె చదవండి. 180 వరకూ ఇవ్వొచ్చు గానీ ఇచ్చి తీరాలని లేదు. మీ టూర్ రోజులకంటే తక్కువ పడితే అక్కడే మర్యాదగా అడగాలి, బయటికి వచ్చాక చేయగలిగింది చాలా తక్కువ. చిన్న కాగితం ఇస్తే పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకోండి, వెళ్లేటప్పుడు అడుగుతారు.

9. తిండి

అందరూ ముందు అడిగేది ఇదే. శాకాహారం దొరుకుతుంది. కానీ "వెజిటేరియన్" అన్న మాట నమ్మితే మోసపోతారు. స్పానిష్‌లో కార్నె అంటే మామూలు వాడకంలో ఎర్ర మాంసం. కార్నె వద్దంటే కోడి పెడతారు, తప్పు వాళ్లది కాదు.

మా టూర్ బుక్ చేసినప్పుడు శాకాహారం రాసుకున్నామని చెప్పారు. రెండో రాత్రి హోటల్లో టమాటా అన్నం వచ్చింది. ఎర్రగా, ఘుమఘుమలాడుతూ. మా ఆవిడ రెండు చెంచాలు తిని "ఏదో తేడాగా ఉందండీ" అంది. వంటావిడను పిలిచి అడిగితే నవ్వుతూ చెప్పింది, కోడి మాంసం ఉడికించిన నీళ్లతో వండారట. ముక్కలు లేవు కదా, శాకాహారమే కదా అని ఆవిడ ఉద్దేశం. ఆ రాత్రి మా ఆవిడ అరటిపండు తిని పడుకుంది. మర్నాడు పొద్దున్నే గైడుతో ఒక అట్ట మీద స్పానిష్‌లో రాయించుకున్నాం. తర్వాత ప్రతి హోటల్లో ముందు అట్ట, తర్వాత మెనూ.

మీరూ ఇవి రాయించుకోండి, నోటికీ పట్టించుకోండి:

- సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో: మాంసం, కోడి, చేప వద్దు.
- సిన్ మాంతెకా: పంది కొవ్వు వద్దు. ఉడికించి మెదిపిన చిక్కుడు గింజల్లో ఇది తరచూ కలుస్తుంది. వహాకాలో తలయూదా అనే పెద్ద మొక్కజొన్న రొట్టె మీద కూడా పూస్తారు.
- సిన్ కాల్దో దె పోయో: కోడి ఉడికిన నీళ్లు వద్దు. అన్నం, సూపు దగ్గర తప్పక చెప్పాలి.
- ఉయెవో అంటే గుడ్డు, కేసో అంటే చీజ్. తింటారో లేదో మీరే చెప్పుకోవాలి.

ధైర్యంగా తినగలిగినవి: గుమ్మడి పువ్వు పెట్టి కాల్చిన మొక్కజొన్న రొట్టె, నాగజెముడు మట్టల కూర, అవకాడో పచ్చడి, కాల్చిన మొక్కజొన్న కంకి, బొప్పాయి, జామ. వహాకాలో వేయించిన మిడతలు బుట్టల్లో పెట్టి అమ్ముతారు. పొడి కొట్టి పళ్ల మీద చల్లుతారు కూడా, ఎర్రటి ఉప్పు కనిపిస్తే ఏమిటో అడిగి తినండి.

తాగడానికి ఆగ్వా దె హమైకా అడగండి. ఎర్రగా, పుల్లగా, చల్లగా ఉంటుంది. మొదటి గుక్కకే మా ఆవిడ "ఇది గోంగూరే" అంది. నిజమే, ఎర్ర గోంగూర జాతి మొక్కే. పువ్వు కింద ఉండే ఎర్రటి రెక్కలు ఎండబెట్టి నానేస్తారు.

కారం విషయంలో ఒక హెచ్చరిక. గుంటూరు వాళ్లం, మాకేంటి అనే ధీమా మెక్సికో సిటీ దాకా చెల్లుతుంది. మెరీదా వైపు పచ్చడి గిన్నెలో ఉండేది హబనేరో. మాతో వచ్చిన మా బావగారిది బ్రాడీపేట, పైగా మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లు సరుకు చూసిన మనిషి. "కాయ చూస్తే తియ్యగా ఉన్నట్టుంది" అని చెంచాడు వేసుకున్నారు. పావుగంట మాట్లాడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి "మన సన్నాలు దీని ముందు పసిపిల్లలు" అని ఒప్పుకున్నారు. చెంచా చివర తాకించి రుచి చూసి, తర్వాత వేసుకోండి.

కుళాయి నీళ్లు పళ్లు తోముకోడానికి కూడా వద్దు. సీలు సీసాలే.

10. శిథిలాల దగ్గర, లోయల దగ్గర

పొద్దున్న తెరవగానే లోపల ఉండటం ఒక్కటే కిటుకు. చిచెన్ ఇత్సా ఎనిమిదికి తెరుస్తారు, కాంకున్ నుంచి వచ్చే బస్సులు పదిన్నర ప్రాంతంలో దిగుతాయి. మధ్యలో ఉన్న రెండు గంటలే మీవి. అందుకే ముందు రాత్రి మెరీదాలోనో దగ్గర్లోనో పడుకోవాలి.

చిచెన్ ఇత్సా పిరమిడ్ ఎక్కనివ్వరు. నాలుగు వైపులా 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. కింద నుంచే లెక్కపెట్టుకోవాలి. తియోతివాకాన్‌లో ఏది ఎక్కనిస్తున్నారో అప్పటికప్పుడు గైడును అడగండి, మారుతూ ఉంటుంది. అక్కడి సూర్య పిరమిడ్ 65 మీటర్లు. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకులు స్తూపాలు కట్టించే నాటికి అది కళకళలాడుతున్న మహానగరం. నీడ ఉండదు, గొడుగు తీసుకెళ్లండి. ఎవరేమనుకున్నా సరే, గొడుగు వేసుకున్న మమ్మల్ని చూసి తెల్లవాళ్లు అసూయపడ్డారు.

పలెంకేలో తడిసిన రాయి జారుతుంది. 1952లో పకాల్ రాజు సమాధి బయటపడిన గుడి అక్కడే. దోమల మందు రాసుకుని వెళ్లండి. మోంతె ఆల్బాన్‌లో నీళ్ల సీసా ముందే కొనుక్కోండి. కొండ మీద ఎండ గట్టిది.

స్థానిక గైడు కావాల్సిన చోట మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉన్న వాళ్లతోనే మాట్లాడండి. ఎంతసేపు, ఎంత డబ్బు, మనిషికా గ్రూపుకా, మూడూ ముందే.

సాన్ క్రిస్తోబల్ దగ్గర చాముల అనే ఊళ్లో ఒక చర్చి ఉంది. లోపల బెంచీలు ఉండవు, నేలంతా పైన్ ఆకులు, వందల కొవ్వొత్తులు, నేల మీద కూర్చుని మొక్కుకునే జనం. లోపల ఫోటో తీయడం కచ్చితంగా నిషేధం, ఊరివాళ్లు ఊరుకోరు. ఫోన్ జేబులోంచి బయటికే తీయకండి.

సుమిదేరో లోయకు పడవ మీద రెండు గంటలు. పాపికొండలు గుర్తొస్తాయి, కాకపోతే ఇక్కడ గోడలు కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు నిటారుగా లేస్తాయి, ఒడ్డున మొసళ్లు పడుకుని ఉంటాయి. లైఫ్ జాకెట్ బిగించుకోండి, టోపీకి తాడు కట్టుకోండి, పడవ వేగానికి ఎగిరిపోతుంది. టాయిలెట్ పని ముందే ముగించుకోండి.

సెనోటే అంటే సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంట. మెట్లు నాచు పట్టి ఉంటాయి. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు. ఈత రాకపోయినా జాకెట్ వేసుకుని దిగొచ్చు, మా ఆవిడ దిగింది, నేను గట్టు మీద బట్టలకు కాపలా.

11. ఊరి డబ్బు, ఊరి గడియారం

పెసోకు కూడా డాలర్ గుర్తే వాడతారు. టీ ముందు ఆ గుర్తు వేసి 50 అని ఉంటే గుండె గుభేలుమంటుంది. అవి పెసోలు. ఒక పెసో సుమారు 5 రూపాయలని వేసుకుంటే లెక్క తేలిక. కాంకున్‌లో మాత్రం నిజంగానే డాలర్లలో ధర చెప్పేవాళ్లుంటారు, ఏదో అడగండి. ఏటీఎం "మీ దేశపు డబ్బులోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనే నొక్కండి. బ్యాంకు లోపలి మిషన్లే, పగటిపూటే. హోటళ్లలో బిల్లు మీద 10 నుంచి 15 శాతం టిప్పు ఆనవాయితీ. గైడు, డ్రైవర్ టిప్పులు ప్యాకేజీలో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

మెక్సికో ఎక్కువ భాగం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. కానీ కాంకున్ ఉన్న రాష్ట్రం మెరీదా, చిచెన్ ఇత్సాలకంటే ఒక గంట ముందు. ఫోన్ తనంతట తనే మారుతుంది, చేతి గడియారం మారదు. నేను నా పాత కీ వాచీ చూసుకుని తీరిగ్గా దోసకాయ ముక్కలు తింటుంటే గైడు లాబీలోంచి పరుగెత్తుకొచ్చాడు. విమానం అందింది గానీ, ఆ టెన్షన్ నాకొద్దు, మీకూ వద్దు. కాంకున్ వైపు బస్సెక్కగానే వాచీ తిప్పేయండి.

అత్యవసర నంబర్ 911. భారత రాయబార కార్యాలయం మెక్సికో సిటీలో ఉంది, ఫోన్ నంబర్ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి.

12. తిరిగొచ్చాక చూసుకోవాల్సినవి

ఎండు మిరపకాయలు, హమైకా రెక్కలు కొనుక్కుంటే అమెరికా కస్టమ్స్ వాళ్లకు చెప్పి తీసుకెళ్లండి. మేం చెప్పాం, సంచి తెరిచి చూసి పంపించేశారు.

ఇదే ఊపులో పెరూ, కొలంబియా కూడా కలుపుతామనే వాళ్లకు ఒక మాట. మెక్సికో ఒక్కటైతే అక్కర్లేదు గానీ, ఆ దేశాలకు వెళ్లి ఇండియా తిరిగొస్తే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. మనకు అందుబాటులో హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. అంటే ఇండియా నుంచి బయల్దేరకముందే తేల్చుకోవాలి.

అమెరికాలో దిగిన రాత్రే పిల్లల చేత ఐ-94 సైట్ తెరిపించి, ఎప్పటిదాకా ఉండొచ్చో కొత్త తేదీ చూడండి. మా ఇద్దరికీ ఒకే అధికారి, ఒకే కౌంటర్. అయినా నా తేదీ ఒకటి, మా ఆవిడ తేదీ ఒకటి పడ్డాయి. రెండింట్లో ముందున్న తేదీకే గన్నవరం దాకా టికెట్లు మార్చుకున్నాం.